ఏ డబ్బా, ఏ బండి, ఎన్నాళ్ళకోసారి: చెత్త సేకరణలో మీకు కుదిరే పద్ధతి

నగరపాలక సంస్థ ఇచ్చే కరపత్రంలో ఏ రంగు డబ్బాలో ఏది వేయాలో ఉంటుంది. కానీ చిన్న డబ్బా తీసుకోవాలా పెద్దదా, తడి చెత్త బండికి ఇవ్వాలా ఇంట్లోనే ఎరువు చేసుకోవాలా, దుకాణానికి మున్సిపాలిటీ బండి సరిపోతుందా ప్రైవేటు కాంట్రాక్టరు కావాలా అన్నవి మనమే తేల్చుకోవాలి. చాలామంది డబ్బాల గురించి ఆలోచిస్తూ మొదలుపెడతారు. నేను మాత్రం తడి చెత్త దగ్గర మొదలుపెట్టమంటాను. తడి విడిపోయిందంటే మిగతా ఎంపికల్లో సగం తేలిపోతాయి. అది కలిసే ఉందంటే ఎంత మంచి పద్ధతి ఎంచుకున్నా పాడైపోతుంది.

వంటింటి చెత్తలో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు కాగితానికి, అట్టకు పట్టిందంటే వాటిని మళ్ళీ కాగితం చేయడం కష్టం. డబ్బా బరువెక్కేది, వాసన వచ్చేది, ఈగలు ముసిరేది కూడా దాని వల్లే. పొడి చెత్త రెండు వారాలు మూలన పడి ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు, తడి చెత్త రెండు రోజులు ఆగదు. అంటే బండి ఎన్నాళ్ళకోసారి రావాలన్నది తడి చెత్తే నిర్ణయిస్తోంది. డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్ళినప్పుడు మీథేన్ పుట్టేది కూడా ఇందులోంచే. నూరేళ్ళ లెక్కలో చూస్తే ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ప్రపంచ బ్యాంకు 2018లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా నగరాల చెత్తలో 44 శాతం ఆహారం, ఆకులూ అలములే. దాదాపు సగం సమస్య ఒక్క బుట్టలోనే ఉందన్నమాట.

ముందు ఒక మామూలు వారం చూసుకోండి

అతిథులు వచ్చిన వారమో, ఇల్లు సర్దిన వారమో కాకుండా రోజూ గడిచేలాంటి వారం ఎంచుకోండి. నాలుగు సంచులు పెట్టండి: తడి, కాగితం-అట్ట, సీసాలు-డబ్బాలు, మిగిలినది. వారం చివర ఏది ఎంత నిండిందో చూడండి. తూకం వేస్తే మరీ మంచిది, వేయకపోయినా కళ్ళకే తెలుస్తుంది. తడి సంచి అన్నిటికంటే బరువుగా, అట్ట సంచి అన్నిటికంటే ఉబ్బుగా ఉంటుంది. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. కొన్ని ఊళ్ళలో రుసుము బరువును బట్టి, కొన్ని ఊళ్ళలో డబ్బా పరిమాణాన్ని బట్టి ఉంటుంది. బరువును బట్టి అయితే తడి చెత్త తగ్గించుకోవాలి, పరిమాణాన్ని బట్టి అయితే అట్టపెట్టెలు మడవాలి. ఈ పని చేయకుండా డబ్బా ఎంచుకున్నవాళ్ళు అవసరానికి మించినది తీసుకోవడమో, మూత పట్టనంత చిన్నది తీసుకోవడమో జరుగుతుంది.

తడి చెత్త: బండికి ఇవ్వడమా, ఎరువు చేయడమా

మీ ఊళ్ళో తడి చెత్తను విడిగా తీసుకెళ్ళే బండి వస్తుంటే, చాలా ఇళ్ళకు అదే మేలు. నగరాల కంపోస్ట్ కేంద్రాల్లో కుప్ప 55 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడిని రోజుల తరబడి నిలబెడతారు కాబట్టి రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. అందుకే ఎముకలు, మాంసం, పాల పదార్థాలు, నూనె పట్టిన మిగుళ్ళు కూడా చాలా కేంద్రాలు తీసుకుంటాయి. కొన్ని కేంద్రాల్లో ఎరువుకు ముందు వాయువు తీసి కరెంటు చేస్తారు. ఇంటి కుండీలో అంత వేడి పుట్టదు. పుట్టినా నిలవదు. కాబట్టి మాంసాహారం ఎక్కువ వండే ఇల్లు, ఫలహారశాల, ఎరువును కనిపెట్టుకుని చూసే మనిషి లేని ఆఫీసు బండినే నమ్ముకోవాలి.

ఇంటి ఎరువు ఎవరికి కుదురుతుందంటే, కూరగాయల తొక్కలే ఎక్కువగా వచ్చే ఇంటికి, ఎండుటాకులో రంపపు పొట్టో సులువుగా దొరికేవాళ్ళకు, తయారైన ఎరువు వేసుకోవడానికి నాలుగు మొక్కలైనా ఉన్నవాళ్ళకు. మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఎరువు తయారయ్యాక దాన్ని ఏం చేయాలో తెలియక మళ్ళీ చెత్తబండికే ఇవ్వాల్సి వస్తే పడ్డ శ్రమంతా వృథా. స్థలం కంటే ఎండు పదార్థం ముఖ్యం. తడి ఒక పాలు వేస్తే ఎండుది కనీసం ఒకటి, వీలైతే రెండు పాళ్ళు పడాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి గానీ ధార కట్టకూడదు. కుళ్ళు వాసన వస్తోందంటే నీరు ఎక్కువై గాలి ఆడట్లేదని అర్థం. ఎండుటాకులు కలిపి ఒకసారి తిరగేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. వానపాముల పెట్టె తక్కువ చోటులో ఇమిడిపోతుంది, మంచి ఎరువే ఇస్తుంది. కానీ వేడిగాలికి, ఉప్పుకు, నూనెకు, పుల్లటి తొక్కలకు ఆ పాములు తట్టుకోలేవు. ఎండలు మండే ప్రాంతంలో నీడ చూపించలేనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

‘కంపోస్ట్ అవుతుంది’ అని ముద్ర వేసిన సంచులు, గ్లాసులు, చెంచాల సంగతి ఇక్కడే చెప్పాలి. వాటిలో ఎక్కువ రకాలు కేంద్రాల్లోని వేడికి కరిగేలా చేసినవి. ఇంటి కుండీలో నెలల తర్వాత కూడా అలాగే కనబడతాయి. కేంద్రాల్లోనూ కొన్ని వాటిని మామూలు ప్లాస్టిక్ నుంచి విడదీయలేక ఏరి పారేస్తాయి. వాటిని ఎక్కువ డబ్బు పెట్టి కొనే ముందు మీ ఊరి కేంద్రం తీసుకుంటుందో లేదో కనుక్కోండి. తీసుకోకపోతే ఆ ఖర్చు వల్ల ఎవరికీ మేలు లేదు.

పొడి చెత్త: ఒకే డబ్బానా, వేరువేరుగానా

ఊరు ఒకే పద్ధతి పెడితే మనకు ఎంపిక లేదు. కానీ కొన్నిచోట్ల రెండూ ఉంటాయి. బండికి అన్నీ కలిపి ఇవ్వవచ్చు, లేదా వేరుచేసి పొడి చెత్త తీసుకునే కేంద్రానికి తీసుకెళ్ళవచ్చు. కలిపి ఇవ్వడం సుఖం. అందుకే అలాంటి ఊళ్ళలో ఎక్కువమంది పాల్గొంటారు, ఎక్కువ సరుకు వస్తుంది. అయితే వచ్చిన సరుకు శుభ్రంగా ఉండదు. బండిలో నొక్కినప్పుడు గాజు పగిలి ముక్కలు కాగితంలో దిగబడతాయి. అడుగంటా కడగని ఒక్క డబ్బా పక్కనున్న అట్టలన్నిటినీ తడిపేస్తుంది.

కలిపి ఇచ్చిన సరుకును వేరు చేసే కేంద్రంలో ఏం జరుగుతుందో తెలిస్తే నియమాలు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. తిరిగే పళ్ళాల జల్లెళ్ళ మీదుగా పెద్ద అట్టలు పైన సాగిపోతాయి. చిన్నవి కిందికి జారతాయి. అయస్కాంతం ఇనుప డబ్బాలను లాగుతుంది. అల్యూమినియంను మరో యంత్రం అయస్కాంత క్షేత్రంతో ఎగరగొడుతుంది. కంటికి కనబడని కాంతితో కెమెరాలు ప్లాస్టిక్ రకాన్ని పోల్చుకుంటాయి. ఇప్పుడు ఇందులో ఒక పల్చటి సంచి పడిందనుకోండి. తిరిగే ఇరుసులకు చుట్టుకుంటుంది. పని ఆపి మనుషులు లోపలికి దిగి కత్తులతో కోసి తీయాలి. రీసైకిల్ చేసే వస్తువులను సంచిలో కట్టి వేయొద్దని దాదాపు ప్రతి నగరమూ మొత్తుకునేది ఇందుకే. ముక్కలుగా చించిన కాగితం జల్లెళ్ళలోంచి గాజుతో పాటు రాలిపోతుంది. నల్ల ప్లాస్టిక్ పళ్ళాలు కాంతిని పీల్చేసుకోవడంతో కెమెరాలు వాటిని చూడలేవు.

2018కి ముందు ఈ కల్తీ సరుకును కొనేవాళ్ళు ఉండేవారు. ధనిక దేశాల ప్లాస్టిక్, కాగితం తుక్కులో పెద్ద వాటా చైనాకు పోయేది. ఆ ఏడాది చైనా చాలా రకాల తుక్కు దిగుమతులు ఆపేసింది, తీసుకునే వాటిలో కూడా కల్తీ అర శాతం మించకూడదంది. కలిపి సేకరించే నగరాల్లో చాలావాటికి అది అందుకోలేని హద్దు. కొన్ని ఊళ్ళు రీసైక్లింగ్ సరుకును కొంతకాలం పాతిపెట్టాయి, కొన్ని గాజును జాబితాలోంచి తీసేశాయి. మీ ఊరి నియమాలు పాత కరపత్రంలో ఒకలా, కొత్తదాంట్లో ఒకలా ఉంటే కారణం ఇలాంటిదే కావచ్చు. ఏడాదికోసారి జాబితా మళ్ళీ చూడండి.

నా అభిప్రాయం అడిగితే, కనీసం కాగితాన్ని మిగతావాటి నుంచి వేరుగా ఉంచగలిగే ఏ పద్ధతైనా అంతా కలిపేసే పద్ధతి కంటే మంచిది. అయిదారు రకాలుగా విడదీసే ఓపిక ఇంట్లో ఒక్కరికే ఉంటే మాత్రం దానికి దిగవద్దు. ఇంట్లో అందరికంటే తొందరలో ఉండే మనిషి కూడా చేయగలిగేదే ఇంటికి సరైన పద్ధతి.

ప్లాస్టిక్ వస్తువుల మీద త్రిభుజంలో ఉండే అంకె కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఆ అంకెలు ఏ రకం ప్లాస్టికో చెబుతాయి. అది రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వవు. 1 (నీళ్ళ సీసాలు), 2 (షాంపూ, డిటర్జెంట్ డబ్బాలు) దాదాపు అన్నిచోట్లా అమ్ముడుపోతాయి. 5 కొన్నిచోట్ల తీసుకుంటారు. 3, 6, 7 చాలాచోట్ల తీసుకోరు. ఒక వస్తువు గురించి అనుమానం వచ్చి, జాబితాలో కూడా దొరక్కపోతే దాన్ని మామూలు చెత్తలో వేయండి. ఏదో ఒకలా పనికొస్తుందిలే అన్న ఆశతో రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే మిగతా మంచి సరుకు చెడుతుంది. అల్యూమినియం డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. దాన్ని కరిగించి మళ్ళీ లోహం చేయడానికి ఖనిజం నుంచి తీసేదాంట్లో సుమారు 5 శాతం శక్తి చాలు.

గడప దాకా బండి, లేదా కేంద్రం దాకా మనం

నడవలేని పెద్దవాళ్ళున్న ఇంటికి, వాహనం లేని ఇంటికి ఈ ప్రశ్నే లేదు. బండే కావాలి. మిగతావాళ్ళు ఆలోచించవచ్చు. జపాన్‌లో కామికాట్సు అనే చిన్న ఊరు 2003లో చెత్త లేని ఊరుగా మారతామని ప్రకటించింది. అక్కడ ఇంటింటికీ బండి రాదు. జనమే కేంద్రానికి తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తారు. తైవాన్ రాజధాని తైపేలో చెత్తను రోడ్డు మీద పెట్టనివ్వరు, బండి సంగీతం వాయిస్తూ వచ్చినప్పుడు ఎదురెళ్ళి చేతికివ్వాలి. ఒకటి కొండల్లోని చిన్న ఊరు, ఇంకొకటి ఇరుకైన మహానగరం. ఈ రెండు చోట్లా జనం శ్రమ పెరిగింది, సరుకు శుభ్రంగా ఉంది.

మనకు సంబంధించినంత వరకు ఇదొక కలగలుపు పద్ధతిగా కుదురుతుంది. తడి చెత్త, మిగిలిన చెత్త బండికి ఇవ్వండి. గాజు, బట్టలు, పాత ఎలక్ట్రానిక్స్ నెలకో రెండు నెలలకో ఒకసారి కేంద్రానికి తీసుకెళ్ళండి, అదీ వేరే పని మీద అటు వెళ్ళేటప్పుడు. నాలుగు సీసాల కోసం ప్రత్యేకంగా కారు తీయడంలో అర్థం లేదు.

డబ్బా పరిమాణం, రుసుము

అందరికీ ఒకే రుసుము ఉన్న ఊళ్ళో చిన్న డబ్బా తీసుకున్నా పెద్దది తీసుకున్నా ఖర్చులో తేడా రాదు. చెత్తను బట్టి రుసుము ఉన్న ఊళ్ళో మొత్తం లెక్క మారిపోతుంది. దక్షిణ కొరియా 1995 నుంచి దేశమంతటా మామూలు చెత్తకు అధికారిక సంచులు కొనే పద్ధతి పెట్టింది, రీసైకిల్ అయ్యేవాటికి రుసుము లేదు. ఆహార వ్యర్థాలను నేరుగా పాతిపెట్టడం 2005లో నిషేధించింది. 2013 నుంచి వాటికి కూడా పరిమాణాన్నో బరువునో బట్టి రుసుము వసూలు చేస్తోంది.

మీ ఊళ్ళో ఇలాంటి పద్ధతి ఉండి సంచులా డబ్బానా అని అడిగితే: ఒకరిద్దరున్న ఇంటికి, చెత్త ఒక వారం తక్కువ ఒక వారం ఎక్కువ వచ్చే ఇంటికి సంచులు. నలుగురైదుగురున్న ఇంటికి డబ్బా. డబ్బాల్లో 120, 240 లీటర్లవి చాలా దేశాల్లో వాడుకలో ఉన్నాయి. తడిని, పొడిని వేరుగా ఇస్తున్న కుటుంబానికి మిగిలిన చెత్తకు చిన్నదే చాలుతుంది. పెద్దది ఇంట్లో ఉంటే దాన్ని నింపే అలవాటు మెల్లగా వచ్చేస్తుంది కూడా. ముందు చిన్నది తీసుకుని, రెండు నెలలు చూసి, చాలకపోతే మార్చుకోండి. పరిమాణం మార్పుకు రుసుము ఉందో లేదో మాత్రం మొదటే అడగండి. జంతువులు డబ్బాలు పడగొట్టే వీధిలో సంచి వద్దే వద్దు, గట్టి మూత ఉన్న డబ్బానే తీసుకోండి.

చిన్న వ్యాపారానికి

ఇంటి కంటే ఇక్కడ తప్పు ఎంపిక ఖరీదైనది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మొదట తెలుసుకోవాల్సింది, వ్యాపారపు చెత్త ఇంటి డబ్బాలో వేయడం చాలా నగరాల్లో నిషిద్ధం. ఇంట్లోంచే వ్యాపారం నడిపేవాళ్ళు కూడా ఈ నియమం కిందికి రావచ్చు. రెండోది, చిన్నవాళ్ళకు మినహాయింపు ఉంటుందని ఊహించుకోవద్దు. శాన్ ఫ్రాన్సిస్కో 2009 చట్టం ఇళ్ళతో పాటు వ్యాపారాలన్నీ తడి, రీసైక్లింగ్, మిగిలినది అని మూడుగా వేరుచేయాలంది. న్యూయార్క్‌లో 2024 మార్చి 1 నుంచి ఏ వ్యాపారమైనా చెత్తను సంచుల్లో రోడ్డు మీద పెట్టకూడదు, మూత ఉన్న డబ్బాలోనే పెట్టాలి. ఇంగ్లండ్‌లో పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు 2025 మార్చి 31 నుంచి ఆహార వ్యర్థాలు, పొడి రీసైక్లింగ్ వేరుగా పెట్టడం తప్పనిసరైంది, అంతకంటే చిన్నవాటికి 2027 మార్చి 31 దాకా గడువిచ్చారు. భారతదేశపు 2016 నియమాలు సగటున రోజుకు 100 కిలోలు దాటే సంస్థలను పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవారిగా లెక్కగట్టి, వాళ్ళ మీద అదనపు బాధ్యత పెట్టాయి. ఒకచోట ఉద్యోగుల సంఖ్య, ఒకచోట కిలోలు. మీ ఊరి నియమం దేన్ని కొలుస్తుందో కనుక్కుంటే మీరు ఏ వరుసలోకి వస్తారో తెలుస్తుంది.

ఇక మున్సిపాలిటీ బండా, ప్రైవేటు కాంట్రాక్టరా. చెత్త తక్కువ, ఎక్కువగా కాగితం, రోజూ ఒకే వేళకు మూసే ఆఫీసు అయితే మున్సిపాలిటీ సేవే చాలు. రుసుము ముందే తెలుస్తుంది, ఒప్పందాల తలనొప్పి ఉండదు. వంట వ్యాపారం, రాత్రి పొద్దుపోయాక మూసే దుకాణం, వారంలో మూడు నాలుగు సార్లు బండి కావాల్సినవాళ్ళు కాంట్రాక్టరును చూసుకోవాల్సి వస్తుంది. వేళ మనకు అనుకూలంగా పెట్టుకోవచ్చన్నదే అక్కడ అసలు లాభం. ధర తక్కువన్న మాట ఒక్కటే నమ్మి సంతకం చేయవద్దు.

సంతకానికి ముందు ఒప్పందంలో ఇవి వెతకండి. గడువు తీరాక దానంతటదే పొడిగించుకునే షరతు ఉందా, ఉంటే వద్దని ఎన్ని రోజుల ముందు రాసివ్వాలి. మధ్యలో ధర పెంచే హక్కు వాళ్ళకు ఎంతవరకు ఉంది. డబ్బా బరువు మించితే, మూత పడకపోతే, రీసైక్లింగ్‌లో తడి కలిస్తే విడివిడిగా ఎంత వేస్తారు. బండి రాని రోజుకు డబ్బు తగ్గిస్తారా. చివరిగా, చెత్త చివరికి ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద ఇస్తారా. చాలాచోట్ల చెత్త అక్రమంగా పారబోస్తే కాంట్రాక్టరుతో పాటు దాన్ని పుట్టించిన వ్యాపారిని కూడా బాధ్యుణ్ణి చేస్తారు. లైసెన్సు నంబరు అడిగి నగర కార్యాలయంలో సరిచూసుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

పెద్ద డబ్బా వారానికోసారా, చిన్నది తరచుగానా అన్నదానికి మళ్ళీ తడి చెత్తే జవాబు. తడి వేరైపోతే మిగిలినదానికి 660 లీటర్ల నాలుగు చక్రాల డబ్బా వారానికోసారి ఎత్తించడం, చిన్న డబ్బాలను రోజూ ఎత్తించడం కంటే చాలాసార్లు చౌక. ఎందుకంటే కాంట్రాక్టరుకు అసలు ఖర్చు బండి మీ గుమ్మం దాకా రావడమే. అట్టపెట్టెలు ఎక్కువ వచ్చే దుకాణం వాటిని విప్పి, చదును చేసి, కట్టలు కట్టి విడిగా తుక్కు కొనేవాళ్ళకు ఇస్తే డబ్బా సగం ఖాళీ అవుతుంది. వాడేసిన వంటనూనెను డ్రైనేజీలో పోయకుండా, విడిగా తీసుకెళ్ళేవాళ్ళను పట్టుకోండి. దాన్నుంచి బయోడీజిల్ చేస్తారు, డబ్బులిచ్చి తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు.

పక్కపక్కన నాలుగు చిన్న దుకాణాలుంటే ఒకే పెద్ద డబ్బా పంచుకోవచ్చు. నగరం అనుమతిస్తే ఇది మంచి ఏర్పాటే, కానీ తాళం ఉన్న మూత పెట్టించండి, ఎవరి వాటా ఎంతో రాసుకోండి. తాళం లేని డబ్బాలో దారిన పోయేవాళ్ళు వేసే పరుపులకు, రంగు డబ్బాలకు జరిమానా మీకే పడుతుంది. కలుషితానికి ఎవరు బాధ్యులన్న గొడవ వచ్చే అవకాశం ఉంటే, వంట వ్యాపారం చేసేవాళ్ళు తమ తడి డబ్బాను వేరుగా పెట్టుకోవడం అందరికీ మంచిది.

డబ్బాలు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పద్ధతి నిలబడేదీ పడిపోయేదీ దాంతోనే. మూడు డబ్బాలూ ఒకేచోట, పక్కపక్కనే ఉండాలి. రీసైక్లింగ్ డబ్బా ఒక్కటే దూరంగా ఉంటే పని ఒత్తిడిలో అన్నీ దగ్గరున్నదాంట్లోకే పోతాయి. మూతల మీద రాతల కంటే మీ దుకాణంలో నిజంగా వచ్చే వస్తువుల ఫొటోలు అంటించండి. కొత్తగా చేరిన ఉద్యోగికి అవే పాఠం.

ఏ డబ్బాలోనూ వేయకూడనివి

ఇక్కడ ఎంపిక లేదు, కాబట్టి సూటిగా చెబుతాను. లిథియం బ్యాటరీలు, అవి ఉన్న ఫోన్లు, ఆటబొమ్మలు, వేపింగ్ పరికరాలు (ఎలక్ట్రానిక్ సిగరెట్లు) బండిలో నలిగితే అంటుకుంటాయి. చెత్తబండ్లలో, వేరుచేసే కేంద్రాల్లో మంటలకు ఇదొక పెద్ద కారణం. తీసేసిన బ్యాటరీ కొనల మీద టేపు అంటించి విడిగా దాచండి. పాత రకం ట్యూబులైట్లలో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి గదిలోంచి పది, పదిహేను నిమిషాలు బయటికి వచ్చేయండి, ఆ తర్వాత ముక్కలను అట్టతో ఎత్తండి, చీపురుతో ఊడ్చవద్దు, వాక్యూమ్ క్లీనర్ వాడవద్దు. సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాలి. పారిశుద్ధ్య కార్మికులకు గుచ్చుకునేది మనం సంచిలో వదిలేసిన సూదే. పగిలిన అద్దం, గాజుపెంకులు మాత్రం మందపాటి కాగితంలో చుట్టి పైన రాసి మిగిలిన చెత్తలో పెట్టండి. కిటికీ గాజు, వంటింటి వేడి తట్టుకునే గాజు సీసాల గాజులా కరగవు, కాబట్టి సీసాల డబ్బాలో వేస్తే ఆ గాజంతా చెడుతుంది.

రంగులు, పురుగుమందులు, గడువు తీరిన మందులు, బ్యాటరీల కోసం చాలా నగరాలు ప్రత్యేక సేకరణ రోజులు పెడతాయి, లేదా కొన్ని మందుల దుకాణాలు, ఎలక్ట్రానిక్స్ దుకాణాలు వెనక్కి తీసుకుంటాయి. వ్యాపారాలకు ఆ రోజుల్లో అనుమతి లేని ఊళ్ళు కూడా ఉన్నాయి, కాబట్టి మోసుకెళ్ళే ముందు ఫోన్ చేసి అడగండి. ఆ తేదీ వచ్చేదాకా వాటిని వాటి సొంత డబ్బాల్లోనే, పేరు చీటీ చింపకుండా, ఒకదాంతో ఒకటి కలపకుండా, పిల్లలకు అందని, వేడి తగలని చోట ఉంచండి.